దిబ్బల నుంచి బొర్రా దాకా: ఒక పిల్ల ప్రశ్నలు చూపించిన దారి

(విశాఖపట్నంలో ఒక పిల్లల గ్రంథాలయం ఏర్పాటు చేసిన తల్లిదండ్రుల సభలో, ఉద్యోగ విరమణ చేసిన ఒక భూగోళం టీచరు ఇచ్చిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. ఆదివారం పొద్దున్నే పిల్లల్ని వెంటబెట్టుకుని ఇంతమంది రావడం చాలా సంతోషంగా ఉంది. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకు రండి, చాప మీద ఇంకా చోటుంది. పిల్లలు అటూ ఇటూ తిరిగినా ఫరవాలేదు, నాకేం అడ్డు కాదు.

నాకు ఇచ్చిన విషయం ‘సెలవుల్లో పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్ళాలి’ అని. ఈ ప్రశ్నకి ఫోన్‌లో బోలెడు జాబితాలు దొరుకుతాయి. ఎక్కడ ఎంతసేపు ఉండాలో, ఏ మూల నిలబడి ఫొటో దిగాలో కూడా రాసి ఉంటుంది. నేను ఇంకో జాబితా ఇవ్వను. మన విశాఖ చుట్టుపక్కల ప్రకృతి చేసిపెట్టిన కొన్ని వింతల గురించి, అక్కడికి ఒక చిన్నపిల్లతో వెళ్తే ఏం జరుగుతుందన్న దాని గురించి మాట్లాడతాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మొదటి చోటు పెద్దవాళ్ళు ఎంచుకోవాలి. రెండో చోటు ఏదన్నది, మొదటి చోట పిల్ల అడిగిన ప్రశ్నని బట్టి తేలాలి. మూడోది, రెండో చోట పుట్టిన ప్రశ్నని బట్టి. టూర్ ప్లాన్ మన చేతిలో ఉండకూడదు, పిల్ల నోట్లో ఉండాలి.

మేము మొదట ఎంచుకున్నది ఎర్రమట్టి దిబ్బలు. ఇక్కడ కూర్చున్నవాళ్ళలో దిబ్బలు చూడనివాళ్ళు ఉండరేమో. భీమిలి వెళ్ళే బీచ్ రోడ్డులో ఒక పక్క సముద్రం, ఇంకో పక్క ఎర్రటి గుట్టలు. మనలో చాలామందికి ఆ చోటు అంటే సినిమా షూటింగులు, పెళ్ళికి ముందు తీయించుకునే ఫొటోలు. కారు ఆపుతాం, నాలుగు ఫొటోలు దిగుతాం, దారిలో మురీ మిక్చర్ తిని ఇంటికొచ్చేస్తాం. అయితే ఆ దిబ్బలు తీరం వెంబడి సుమారు 5 కిలోమీటర్ల పొడవున ఉన్నాయి. వెడల్పు కొన్నిచోట్ల 200 మీటర్లే, కొన్నిచోట్ల 2 కిలోమీటర్ల దాకా. 1886లోనే విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త వీటి గురించి రాశాడు. ఇలాంటి ఎర్ర ఇసుక దిబ్బలు తమిళనాడు దక్షిణ తీరంలో ఉన్నాయి, శ్రీలంకలో ఉన్నాయి. అంత అరుదైనది మన ఊరి పక్కన, సిటీ బస్సు వెళ్ళే దారిలో ఉంది.

రోడ్డు మీంచి చూస్తే గుట్టలే కనిపిస్తాయి. చూడాల్సింది లోపల ఉంది. వాన నీళ్ళు ఆ మెత్తటి ఇసుకని కోసుకుంటూ వెళ్ళి లోతైన సందులు చేశాయి. ఒక సందులోంచి ఇంకో సందు, అందులోంచి మరొకటి, చెట్టు కొమ్మల్లా చీలిపోతూ ఉంటాయి. అడుగున నడుస్తుంటే రెండు పక్కలా నిలువు గోడలు. పైన జీడిమామిడి చెట్లు, మధ్యలో ఒక చీలికంత ఆకాశం. మా మనవరాలికి అప్పుడు ఎనిమిదేళ్ళు. లోపలికి అడుగుపెట్టగానే గట్టిగా అరిచింది. గోడలు ఇసుకవి కదా, రాతి గోడల్లా ధ్వనిని తిప్పి పంపలేదు, మింగేశాయి. ‘అమ్మమ్మా, నా గొంతు ఇక్కడ తప్పిపోయింది’ అంది. పాతికేళ్ళకు పైగా పిల్లలకి భూగోళం చెప్పినదాన్ని, ఆ సంగతి నేను ఎప్పుడూ గమనించలేదు. పిల్లల్ని వెంట తీసుకెళ్తే మనకి అయ్యే లాభం ఇది.

కాసేపు అరిచాక గోడ దగ్గర కూర్చుంది. గోడని దగ్గరగా చూస్తే ఒకటే రంగు కాదు. పైన లేత పసుపు, దాని కింద ఎరుపు, ఇంకా కిందికి వెళ్ళే కొద్దీ గట్టిపడిన ముదురు గోధుమ ఎరుపు. తను వేలితో గాల్లో గీతలు గీస్తూ ఏ పొర ఎక్కడ మొదలైందో చూసుకుంది. అప్పుడు అడిగింది, ‘ఇసుకకి ఎర్ర రంగు ఎలా వచ్చింది?’ అని. నాకు సమాధానం తెలుసు. చెప్పలేదు. తెలిసిన జవాబుని నోట్లో ఆపుకోవడం టీచర్లకి చాలా కష్టమైన పని, అమ్మానాన్నలకి ఇంకా కష్టం. కానీ ఆపుకోవాలి. చెప్పేస్తే ప్రశ్న అక్కడితో అయిపోతుంది.

దానికి బదులు, వాన కొట్టుకొచ్చి వాగు అడుగున పడేసిన ఇసుక ఒక చెంచాడు తీసుకున్నాం. గోడ జోలికి పోలేదు. స్టీలు గ్లాసులో కొంచెం నీళ్ళు పోసి, అందులో ఆ ఇసుక వేసి, వేలితో బాగా రుద్దమన్నాను. నీళ్ళు ఎర్రబడ్డాయి. వంచేసి మళ్ళీ నీళ్ళు పోసి మళ్ళీ రుద్దింది. నీళ్ళు ఎర్రబడుతున్న కొద్దీ ఇసుక లేతబడింది. తర్వాత ఒక గింజని గోటి మీద పెట్టుకుని భూతద్దంలోంచి చూసింది. కొంచెం ఎరుపు ఇంకా పగుళ్ళలో అంటుకుని ఉంది కానీ, మిగతా గింజంతా తెల్లగా, వెలుతురు అవతలికి కనబడేలా ఉంది. ‘ఇది లోపల ఎరుపు కాదు. పైన పూశారు’ అంది. ఒక్క మాటలో తేల్చేసింది. మిగిలింది, ఆ పూసినది ఏమిటన్నదే.

విశాఖలో ఉండేవాళ్ళకి దానికి జవాబు కిటికీలోనే ఉంటుంది. సముద్రపు గాలికి మన ఇళ్ళ ఊచలు, గేట్లు, స్కూటర్ల సైలెన్సర్లు ఎలా తుప్పు పడతాయో చూస్తూనే ఉన్నాం. దిబ్బల ఎరుపు ఆ తుప్పుకి దగ్గరి బంధువు. ఇనుము ఆక్సిజన్‌తో కలిసి అయ్యే హెమటైట్ అనే పదార్థం. ఇంటికొచ్చాక బాల్కనీ ఊచ మీది తుప్పుని తడివేలితో రాసి, ఆ వేలు నాకు చూపించింది. అప్పుడు అవునన్నాను.

ఆ రోజు ఇంకా ఇంటికి రాకముందే, కారు దగ్గరికి నడుస్తుంటే అసలైన ప్రశ్న వచ్చింది. రోడ్డుకి అవతల బీచ్ ఉంది కదా. ‘అక్కడి ఇసుక ఎందుకు ఎర్రగా లేదు? ఇదీ ఇసుకే, అదీ ఇసుకే, మధ్యలో రోడ్డే కదా ఉంది!’ అంది. చూడండి, ఎంత మంచి ప్రశ్నో. దిబ్బల కథ అంతా ఆ ఒక్క ప్రశ్నలో ఉంది. అందుకని మా రెండో చోటు బీచ్ అయింది.

పెద్దవాళ్ళ కోసం ఆ కథ క్లుప్తంగా చెబుతాను. సుమారు 20,000 ఏళ్ళ కిందట భూమి మీది నీళ్ళలో చాలా భాగం మంచుగా గడ్డకట్టి ఉండేది. సముద్ర మట్టం ఇప్పటికంటే 120 మీటర్ల దాకా కిందికి ఉండేది. అంటే తీరం ఇప్పుడున్న చోట లేదు, చాలా ముందుకు జరిగిపోయింది. ఇవాళ హార్బరు బయట లంగరేసుకుని ఎదురుచూసే ఓడలు కనిపిస్తాయి కదా, ఆ ఓడల కింద ఉన్న నేల అప్పట్లో పొడి నేల. నదులు తెచ్చి పోసిన ఇసుక అక్కడ పరుచుకుని ఉంటే, గాలి దాన్ని లోపలికి ఎగరేసుకొచ్చి గుట్టలు పోసింది. తర్వాత మంచు కరిగి సముద్రం వెనక్కి వచ్చింది. గుట్టలు మాత్రం కదలకుండా వేల ఏళ్ళు అలాగే ఉండిపోయాయి. ఇసుకలో కలిసి ఉన్న గార్నెట్ లాంటి ఇనుమున్న ఖనిజాలు వానకీ ఎండకీ మెల్లగా శిథిలమై, వాటిలోని ఇనుము తుప్పు పట్టి ప్రతి గింజకీ అంటుకుంది. బీచ్ ఇసుకకి ఆ తీరిక లేదు. అలలు దాన్ని రోజూ దొర్లిస్తూ, కడుగుతూనే ఉంటాయి.

ఇంత పొడుగు కథ ఎనిమిదేళ్ళ పిల్లకి ఒక్కసారిగా చెబితే తలకెక్కదు. ఓడల సంగతి మాత్రం చెప్పాను. దూరంగా ఉన్న ఓడని చూపించి, ‘ఒకప్పుడు నువ్వు అక్కడిదాకా నడిచి వెళ్ళగలిగేదానివి’ అన్నాను. చాలాసేపు ఓడ వైపే చూసి, ‘చెప్పులేసుకునా?’ అంది. కాళ్ళు కాలేంత దూరమే అన్నాను.

బీచ్‌లో మా పని అయస్కాంతంతో. పాత స్పీకరులోంచి తీసిన గట్టి అయస్కాంతం ఒకటి ఉంటే చాలు. దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి ఇసుక మీద తిప్పాలి. నేరుగా తిప్పితే అంటుకున్న గింజలు ఇక ఊడి రావు. మన తీరంలో, ముఖ్యంగా భీమిలి వైపు, ఇసుక మీద నల్లటి చారలు కనిపిస్తాయి. చాలామంది అది మురికి అనుకుని పిల్లల్ని దూరంగా లాగేస్తారు. అది మురికి కాదు. ఇల్మెనైట్, మాగ్నెటైట్, జిర్కాన్, గార్నెట్ లాంటి బరువైన ఖనిజాలు. అల వెనక్కి వెళ్ళేటప్పుడు తేలికైన తెల్ల ఇసుకని లాక్కుపోతుంది, బరువైనవి ఉండిపోతాయి. ఆ నల్ల చార మీద అయస్కాంతం తిప్పగానే కొన్ని గింజలు లేచి నిలబడి కవరుకి పట్టుకున్నాయి. అన్నీ కాదు. కొన్ని నల్లవి రాలేదు, గులాబీ రంగువి అసలు రాలేదు. ఆ గులాబీ రంగువే గార్నెట్లు. భూతద్దంలో అవి కనిపించినప్పుడు మా మనవరాలు ‘అమ్మమ్మా, నగలు’ అని కేక పెట్టింది. తప్పేం కాదు, గార్నెట్‌లో మేలురకాన్ని నగల్లో పొదుగుతారు కూడా.

అయితే ఈ గార్నెట్లు ఎక్కడివి? సముద్రంలో పుట్టాయా? ఈ ప్రశ్న వెంటనే రాలేదు, ఒక వారం తర్వాత వచ్చింది. స్నానం చేస్తూ బాత్‌రూమ్‌లోంచి అరిచి అడిగింది, ‘ఇసుక ముందు ఏమిటి?’ అని. ఇసుక కాకముందు ఏమై ఉండేది అని తన అనుమానం. పిల్లలు ఒక చోటు చూసొచ్చాక అది లోపల పనిచేస్తూనే ఉంటుంది. అందుకే ఒక చోటికీ ఇంకో చోటికీ మధ్య ఎడం ఇవ్వండి. ఒకే రోజులో దిబ్బలు, తొట్లకొండ, రుషికొండ, కైలాసగిరి అన్నీ తిప్పేస్తే సాయంత్రానికి పిల్లకి గుర్తుండేది ఐస్‌క్రీమ్ ఒక్కటే.

ఇసుక కొండల్లోంచి నది తెస్తుంది. మనకి దగ్గర్లో ఆ పని చేసే నది గోస్తనీ. భీమిలి దగ్గరే సముద్రంలో కలుస్తుంది, దిబ్బల నుంచి ఎంతో దూరం కాదు. అక్కడికి వెళ్ళి, నది నీళ్ళు సముద్రంలో కలిసే చోట నిలబడ్డాం. తను అటు కాకుండా వెనక్కి తిరిగి, నది వచ్చిన వైపు చూపించి ‘అటు వెళ్దాం’ అంది. కాబట్టి అటు వెళ్ళాం. గోస్తనీ అనంతగిరి కొండల్లో పుడుతుంది, బొర్రా గుహల దగ్గర కొండని తొలుచుకుంటూ వస్తుంది, తాటిపూడి జలాశయంలో ఆగుతుంది. తాటిపూడి నీళ్ళు మన విశాఖకి తాగడానికి వస్తాయి. మీరు మీ ఇంట్లో కుళాయి తిప్పితే వచ్చే నీళ్ళలో కొన్ని బొర్రా రాళ్ళని తాకి వచ్చినవి కావచ్చు. ఇలా చెబితే పిల్లల కళ్ళు ఎంత పెద్దవవుతాయో ఇంట్లో ఒకసారి చెప్పి చూడండి.

బొర్రాకి వీలైతే కిరండూల్ పాసింజరులో వెళ్ళండి. సొరంగాలు లెక్కపెట్టుకుంటూ వెళ్ళడం పిల్లలకి పండగ. ఆ రైలు పట్టాలు గుహల మీద నుంచే వెళ్తాయి. గుహల్లో గైడ్లు శివలింగం, ఋషి గడ్డం, మొసలి, తల్లీబిడ్డా అంటూ రాళ్ళని చూపిస్తారు. చూపించనివ్వండి, అది వాళ్ళ విద్య, వినడానికి బాగుంటుంది. ఆవు ఒకటి పైనున్న బిలంలోంచి లోపలికి పడిపోతే, దాన్ని వెతుక్కుంటూ వచ్చిన కాపరికి లోపల శివలింగం కనిపించిందనీ, ఆ ఆవు పేరు మీదే నదికి గోస్తనీ అని పేరొచ్చిందనీ చెప్పే కథ కూడా పిల్లలు వినాలి. కథ వింటే సైన్సు చెడిపోతుందని కొందరు భయపడతారు. నేను అలా అనుకోను. ఆ కథలో ఉన్న కాపరి మంచి పరిశీలకుడు. ఆవు ఎక్కడికి పోయిందని వెతికాడు, బిలం కనిపెట్టాడు, లోపలికి దిగి చూశాడు.

గైడు ముందుకు వెళ్ళాక మేము ఒక పక్కకి తప్పుకుని నిలబడ్డాం. పై కప్పు నుంచి వేలాడుతున్న ఒక రాతి కొస ఉంది. దాని చివర ఒక నీటి చుక్క. పడబోతోంది, పడలేదు. పిల్ల మనసులో లెక్కపెట్టడం మొదలుపెట్టింది. నలభై దాటాక పడింది. ఇంకో చుక్క మొదలైంది. జనం మా పక్కనుంచి వెళ్ళిపోతూనే ఉన్నారు, మేము మాత్రం చుక్కలు చూస్తున్నాం. వాన నీళ్ళు మట్టిలోంచి దిగేటప్పుడు కార్బన్ డయాక్సైడ్ కలుపుకుని కాస్త పులుపెక్కుతాయి. ఆ పులుపుకి సున్నపురాయి కొంచెం కొంచెం కరుగుతుంది. గుహలోకి వచ్చి చుక్కగా వేలాడినప్పుడు ఆ వాయువు బయటికి పోతుంది, కరిగిన సున్నం ఒక పలచని పొరగా కొసకి అంటుకుంటుంది. చుక్క కింద పడ్డచోట ఇంకొంచెం. అలా పైనుంచి దిగేదీ కింది నుంచి లేచేదీ చివరికి కలిస్తే స్తంభం. ఆ చుక్క వేళ్ళాడేసేపూ పని జరుగుతోందన్నమాట. అందుకే పడటానికి తొందరపడదు అని నేనన్నాను. తను నా వైపు తిరిగి చాలా గంభీరంగా, ‘మనమూ తొందరపడొద్దు’ అంది.

గుహలోంచి బయటికొచ్చే మెట్ల మీద నన్ను నిజంగా కదిలించిన ప్రశ్న వేసింది. ‘ఇక్కడ రాయి నీళ్ళలో కరిగిపోతుంది కదా. కరిగిపోతే ఇసుక ఎలా అవుతుంది?’ ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడికొచ్చిందో చూడండి. నిజమే, సున్నపురాయి కరిగిపోతే ఇసుకగా మిగలదు. మన దిబ్బల ఇసుకకి మూలం బొర్రా సున్నపురాయి కాదు. దాని చుట్టూ ఉన్న తూర్పు కనుమల రాళ్ళు. అందులో ముఖ్యమైనది ఖోండలైట్. క్వార్ట్జ్, గార్నెట్, సిల్లిమనైట్ కలిసిన రాయి. దిబ్బల తెల్ల గింజ అందులోని క్వార్ట్జ్. బీచ్‌లో గులాబీ గింజ అందులోని గార్నెట్.

ఆ ఖోండలైట్ కోసం అరకు దాకా వెళ్ళక్కర్లేదు. మన కైలాసగిరి ఖోండలైట్ కొండే. విశాఖలో చాలా పాత ప్రహరీ గోడలు ఆ రాయితో కట్టినవే. మేం ఉండే వీధిలో ఒక గోడ ఉంది. స్కూలు బస్సు కోసం అక్కడే నిలబడతాం. ఒక రోజు బస్సు ఆలస్యమైతే ఆ గోడ రాయిలో ఎర్రటి చుక్కలు వేలితో తడుముతూ, ‘ఇదిగో, నగలు ఇక్కడ ఇంకా ఊడిపోలేదు’ అంది. ఆ రోజు బస్సెక్కాక వెనక అద్దంలోంచి గోడనే చూస్తూ వెళ్ళింది. నాకు చెప్పలేనంత సంతోషం వేసింది. ఏ పరీక్షలో వచ్చిన మార్కూ నాకు అంత సంతోషం ఇవ్వదు.

విశాఖ కాకుండా వేరే ఊళ్ళలో ఉండేవాళ్ళు కూడా ఇక్కడ ఉన్నారు, సెలవులకి వచ్చినవాళ్ళు. మీ ఊళ్ళోనూ ఇలాంటివి ఉంటాయి. హైదరాబాదులో ఉంటే మీ అపార్ట్‌మెంటు వెనకే ఒకదాని మీద ఒకటి నిలబడ్డ గుండ్రటి బండలు ఉండొచ్చు. అవి 250 కోట్ల ఏళ్ళ నాటి గ్రానైట్. ఎవరో పేర్చినట్టు కనిపిస్తాయి. ఎవరూ పేర్చలేదు, ఒకే బండ పగుళ్ళ వెంట శిథిలమై, మధ్యలోది రాలిపోయి, గట్టిది మిగిలింది. వాటిని కాపాడాలని 1996 నుంచి ఒక సొసైటీయే అక్కడ పనిచేస్తోంది. మహబూబ్‌నగర్ వైపు వాళ్ళకి పిల్లలమర్రి ఉంది. మూడెకరాలకు పైగా పరుచుకున్న మర్రి. చెదలు పట్టి కొమ్మలు కూలిపోతే, 2018లో ఆస్పత్రిలో రోగికి ఎక్కించినట్టు దానికి సెలైన్ సీసాలు కట్టి మందు ఎక్కించారు. ఈ సంగతి చెబితే ఏ పిల్లా చూడకుండా ఊరుకోదు.

ఇక తిరుమల. మనవాళ్ళు పిల్లల్ని తీసుకెళ్ళని ఇల్లు ఉండదు. దర్శనం అయ్యాక శిలాతోరణం దగ్గరికి వెళ్తాం, ఫొటో దిగుతాం. ఈసారి వెళ్తే పిల్లని తోరణం ఎదురుగా కూర్చోబెట్టి, కింది రాయి ఎక్కడ అరిగింది, పైది ఎందుకు మిగిలింది అని కాసేపు చూడనివ్వండి. ఘాట్ రోడ్డులో ఒకచోట కింద గ్రానైట్, దాని మీద పొరలు పొరలుగా క్వార్ట్‌జైట్, అంటే ఇసుక గట్టిపడి అయిన రాయి, కనిపిస్తాయి. ఆ రెండు రాళ్ళకీ మధ్య సుమారు 80 కోట్ల ఏళ్ళ ఎడం ఉందని శాస్త్రజ్ఞుల లెక్క. అంతకాలం అక్కడ ఏ పొరా మిగల్లేదు. బస్సు కిటికీలోంచే చూడొచ్చు, కాబట్టి పిల్లని కిటికీ పక్కన కూర్చోబెట్టండి.

ఇప్పుడు జాగ్రత్తలు. ఇవి మనసులో పెట్టుకోండి. దిబ్బలకి పొద్దున్నే వెళ్ళాలి, ఎండ ఎక్కేలోపు బయటికి రావాలి. అడుగున ఇసుక వేడెక్కితే పెద్దవాళ్ళకే నడవడం కష్టం. వాన పడుతున్నప్పుడు, పడి వెలిసిన వెంటనే సందుల్లోకి దిగకండి. గోడలు విరిగి పడతాయి. మామూలు రోజుల్లో కూడా నిలువు గోడ కింద గుహలా తొలిచిన చోట పిల్లల్ని కూర్చోనివ్వకండి. లోపల దారి తప్పడం చాలా తేలిక, అన్ని సందులూ ఒకేలా ఉంటాయి. ప్రతి మలుపు దగ్గరా ఆగి, వెనక్కి తిరిగి చూడమని పిల్లకి చెప్పండి. వచ్చేటప్పుడు కనిపించేది ఆ వెనక చూసిన బొమ్మే కదా. మా ఇంట్లో దారి కనుక్కునే పని పిల్లదే, నేను వెనకే నడుస్తాను. మంగమారిపేట దగ్గర సముద్రం తొలిచిన రాతి తోరణం చూడాలంటే ఆటు సమయంలోనే వెళ్ళండి. నీళ్ళు ఎప్పుడు వెనక్కి వెళ్తాయో అక్కడి మత్స్యకారుల్ని అడిగితే చక్కగా చెబుతారు. అప్పుడు రాళ్ళ గుంటల్లో పీతలు, తాకితే ముడుచుకుపోయే మెత్తటి జీవులు కనిపిస్తాయి. చూసి వదిలేయాలి, సీసాలో పెట్టి ఇంటికి తేకూడదు. నాచు పట్టిన రాయి మీద కాలు పెట్టనివ్వకండి. తోరణం ఎక్కనివ్వకండి, కింద నిలబడి ఫొటోలు కూడా వద్దు.

దిబ్బల గోడల మీద జారుబండలా జారడం పిల్లలకి మహా ఇష్టం. దయచేసి ఆపండి. కోప్పడకుండా ఆపొచ్చు. ఒక చిన్న గోడ దగ్గర గింజలు వాటంతట అవి ఎలా జారుతున్నాయో చూపించండి. ఆ జారిపోయిన ఇసుక మళ్ళీ పైకి ఎక్కదు. దాన్ని తెచ్చి పోసిన ఆ కాలపు గాలీ, ఆ తీరమూ ఇప్పుడు లేవు.

అదే సందుకి వానలకి ముందు ఒకసారి, వానలు తగ్గాక ఒకసారి వెళ్ళమని మీ అందరికీ గట్టిగా చెబుతున్నాను. మొదటిసారి వెళ్ళినప్పుడు ఒక బొమ్మ గీయించండి. ఫొటో కాదు, పెన్సిల్‌తో బొమ్మ. మా పిల్ల గీసిన బొమ్మలో గోడ అంచున ఒక జీడిమామిడి చెట్టు ఉంది, దాని వేళ్ళు సగం గాలిలో వేలాడుతున్నాయి. గోడ అడుగున వాగు వెడల్పు తన జానతో కొలిచి రాసుకుంది. వానలయ్యాక వెళ్తే చెట్టు లేదు. కింద వాగులో తలకిందులుగా పడి ఉంది, ఆకులింకా పచ్చగానే ఉన్నాయి. వాగు ఒక పక్కకి జరిగింది. మళ్ళీ జానతో కొలిచి, పాత అంకె పక్కన కొత్త అంకె రాసింది. భూమి కదలదు అనుకునే వయసులో, కదులుతుందని తన చేత్తో కొలుచుకుంది.

వాన కోసేది వాన కోస్తుంది, దానికి మనం చేసేదేమీ లేదు. నాకు బాధ కలిగేది మిషన్లు కోసేదాన్ని చూసినప్పుడు. దిబ్బల అంచుల్లో ఇళ్ళ స్థలాల కోసం చదును చేయడం, మట్టి తవ్వుకుపోవడం మనకి తెలియని సంగతి కాదు. 2024లో తవ్వకాల వార్తలు బయటికొచ్చినప్పుడు ఊళ్ళో ఎంత గొడవైందో గుర్తుండే ఉంటుంది. 2025 సెప్టెంబరులో ఎర్రమట్టి దిబ్బలు, తిరుమల కొండలు రెండూ యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేరాయి. చాలా మంచి వార్త. కానీ తాత్కాలిక జాబితా అంటే గుర్తింపు వచ్చేసినట్టు కాదు. అది మొదటి మెట్టు మాత్రమే, పూర్తి గుర్తింపుకి ఇంకా ఎన్నో పరిశీలనలు ఉంటాయి. ఈలోగా ఆ అంచు ఎక్కడుందో, పోయిన ఏడాది ఎక్కడుండేదో చెప్పగలిగేవాళ్ళు ఊళ్ళో ఉండాలి. మా పిల్ల నోట్‌బుక్‌లో అలాంటి అంకెలు కొన్ని ఉన్నాయి. మీ పిల్లల నోట్‌బుక్కుల్లోనూ ఉండాలని నా కోరిక.

వచ్చే నెల రెండో ఆదివారం, వాన లేకపోతే, మేము మళ్ళీ దిబ్బలకి వెళ్తున్నాం. వచ్చేవాళ్ళు బయట రిజిస్టరులో పేరు రాయండి. ప్రతి పిల్లకీ ఒక పెద్దవాళ్ళు తప్పనిసరి. తెచ్చుకోవాల్సినవి నీళ్ళ సీసా, టోపీ, పెన్సిలు, గీతల్లేని నోట్‌బుక్కు, ఒక స్టీలు గ్లాసు. భూతద్దాలు గ్రంథాలయం వాళ్ళు ఇస్తామన్నారు. తిండి పొట్లాల కవర్లు ఎన్ని తెస్తే అన్నీ తిరిగి ఇంటికే.

నా మాట అయిపోయింది. ఇక ప్రశ్నలు. పిల్లలవి ముందు తీసుకుంటాను, పెద్దవాళ్ళు కాస్త ఆగాలి. అదిగో, ఆ నీలం గౌను అమ్మాయి అప్పటి నుంచి చెయ్యి ఎత్తుకునే ఉంది. చెప్పమ్మా, ఏం అడుగుతావు?